గ్రీన్ మెటీరియల్ కోసం హోమ్ లోన్ ఇంకో 5 లక్షలు పెంచుకోవాలా?

పెందుర్తి నుంచి ఒక మేడమ్ అడిగారు. 150 గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నారట, 35 లక్షల లోన్ శాంక్షన్ అయింది, పర్యావరణానికి మంచివి వాడాలంటే ఇంకో 5 లక్షలవుతుందని బిల్డర్ అన్నాడట, లోన్ పెంచుకోవాలా లేక పాప చదువు కోసం వేస్తున్న సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే డబ్బు) తీసెయ్యాలా అని.

సిప్ జోలికి మాత్రం వెళ్లకండి మేడమ్. ఇక లోన్ అంటారా, ఎనిమిదిన్నర శాతానికి 20 ఏళ్లు పెట్టుకుంటే లక్షకి నెలకి సుమారు 868 రూపాయలు, అంటే 5 లక్షలకి 4,340, మొత్తం కట్టేది 10 లక్షల 40 వేల పైనే. టాక్స్ కలిసొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఇన్‌కమ్ టాక్స్ పాత రెజీమ్‌లో వడ్డీ మినహాయింపుకి లిమిట్ ఏడాదికి 2 లక్షలే, మీ 35 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీయే దాన్ని దాటేస్తుంది, కొత్త రెజీమ్‌లో అయితే మనం ఉండే ఇంటికి అదీ లేదు.

అందుకే ఆ 5 లక్షలు దేనిదేనికో ఐటమ్ వారీగా రాసిమ్మనండి. గోడలకైతే మన వైజాగ్‌లో ఎక్స్‌ట్రా అడగాల్సిన పనే లేదు, పరవాడ సింహాద్రి కరెంటు ప్లాంట్ బొగ్గు బూడిద పక్కనే ఉంది, దాంతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు ఎక్కడంటే అక్కడ దొరుకుతాయి, వాటిని బట్టీలో కాల్చక్కర్లేదు, పొలం మట్టీ పోదు, సైజు సమానంగా ఉంటుంది కాబట్టి ప్లాస్టరింగ్‌కి సిమెంటు ఇసుక కూడా తక్కువ పడతాయి. కాకపోతే నాసిరకం కూడా చాలా వస్తోంది, లోడ్ దించే ముందు ఒక ఇటుక తూచి రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి, 3 కిలోలది 3 కిలోల 600 గ్రాములు దాటితే ఆ లోడ్ వెనక్కి పంపేయండి. సిమెంటు అయితే స్లాగ్ సిమెంట్ (ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ కలిపినది) తీసుకోండి, మన ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టకుండా బాగా ఆగుతుంది, నీళ్లు మాత్రం ఇంకొన్ని రోజులు ఎక్కువ కొట్టించాలి.

నిజంగా డబ్బు పెట్టాల్సింది సోలార్ మీద. మీ వాడకం నెలకి 150 యూనిట్ల లోపైతే 2 కిలోవాట్లు చాలు, కేంద్రం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 60 వేలు, 3 కిలోవాట్లకి 78 వేలు. కానీ ఆ సబ్సిడీ ప్యానెళ్లు బిగించి కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్లు నెట్ మీటర్ (మనం వాడింది, తిరిగి ఇచ్చింది రెండూ లెక్కేసేది) పెట్టాకే అకౌంట్లో పడుతుంది, ముందు మొత్తం మీరే కట్టాలి, ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా ఉంచుకోండి. ఇప్పుడే డబ్బు లేకపోతే గృహప్రవేశం అయ్యాక ఏడాదికి పెట్టించుకున్నా పర్లేదు, స్లాబ్ వేసేటప్పుడు వైరింగ్ పైపు మాత్రం పైదాకా వదిలించండి, వాటర్ ట్యాంక్ ప్యానెళ్లకి దక్షిణం వైపు పెట్టించొద్దు, నీడ పడితే కరెంటు తగ్గిపోతుంది.

వెదురు ఫ్లోరింగ్, గోడలకి చెక్క ప్యానెళ్లు ఆ లిస్టులో ఉంటే కొట్టేయండి, ఈ తేమకి అవి ఎన్నాళ్లో నిలవవు. తలుపులకి కొత్త టేకు బదులు పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు చూడండి, చెట్టూ మిగులుతుంది డబ్బూ మిగులుతుంది. ఇవన్నీ తీసేశాక ఎంత మిగిలిందో చూసి, లోన్ పెంచాలంటే అంత వరకే పెంచండి.