ఆటవిడుపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈత గురించే. వాటన్నిటికీ కలిపి ఒకచోటే కాస్త విపులంగా జవాబిచ్చాం. మిగతావాటికి అవసరమైనంత మేరకే.

మా బాబుకి ఏడేళ్లు. ఈ వేసవిలో ఈత నేర్పిద్దామని మా చుట్టుపక్కల మూడు స్విమ్మింగ్ పూల్స్ చూశాం. ఫీజులు అటూ ఇటూగా ఒకటే. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? నెల రోజుల్లో వచ్చేస్తుందంటున్నారు, నిజమేనా?
— పాఠకురాలు, మల్కాజ్‌గిరి

ఫీజు కనుక్కోవడానికి మధ్యాహ్నం పూట వెళ్తే ఖాళీ కొలను, నీలం టైల్సు తప్ప ఏమీ కనబడవు. బాబును ఏ బ్యాచ్‌లో చేర్చాలనుకుంటున్నారో సరిగ్గా ఆ వేళకే వెళ్లి అరగంట గట్టు మీద నిలబడండి. ఆదివారమైతే మరీ మంచిది. నీళ్ల సంగతి బయటపడేది జనం ఎక్కువగా దిగిన రోజే.

ముందు లోతు వైపు అడుగున ఉండే డ్రెయిన్ జాలీని చూడండి. దాని కమ్మీలు పైనుంచి లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనబడాలి. మసగ్గా ఉందంటే, ఆ నీళ్లలో మునిగిన పిల్లవాడూ గట్టు మీదివాళ్లకి కనబడడు. ఇదొక్కటి చాలు, ఆ పూల్‌ని వదిలేయడానికి. జాలీ విరిగి ఉన్నా, ఊడి ఉన్నా అంతే. పంపు లాగే జోరుకి జుట్టు, వేళ్లు అందులో ఇరుక్కుంటాయి.

తర్వాత వాసన. బ్లీచింగ్ ఘాటు ముక్కుకి తగిలితే ‘మందు బాగా వేశారు, నీళ్లు శుభ్రం’ అనుకుంటారు చాలామంది. నిజానికి ఉల్టా. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన అది. పిల్లల కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. సరిగా చూసుకునే పూల్‌లో ఘాటు పెద్దగా ఉండదు. దిగే ముందు అందరూ షవర్ కింద నిలబడాలని పట్టుబట్టే పూల్ అయితే ఇంకా నమ్మొచ్చు.

నీటి పరీక్షల రిజిస్టరు చూపించమని మొహమాటం లేకుండా అడగండి. విడి క్లోరిన్, అంటే మురికితో కలవకుండా ఇంకా పనిచేసేందుకు మిగిలింది, లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. రెంటిలో పీహెచ్‌నే ఎక్కువ నిర్లక్ష్యం చేస్తారు. పీహెచ్ ఏడున్నర దగ్గర ఉంటే వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. ఎనిమిదికి చేరితే పావు వంతుకి పడిపోతుంది. బోరు నీళ్లతో నింపే పూల్స్‌లో పీహెచ్ ఎక్కువగా ఉండటం మామూలే. అది సరిచేయకుండా క్లోరిన్ ఎంత కుమ్మరించినా డబ్బు దండగ. ఇంకో చిన్న గుర్తు: పరీక్ష గొట్టంలో చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరిగాయంటే అది ఓటీఓ కిట్. అది మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుంది గానీ పనికొచ్చేది ఎంతో విడదీసి చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రల కిట్ వాడుతున్నారంటే వాళ్లకు పని తెలుసన్నమాట. పైకప్పు లేని పూల్‌లో ఎండకి క్లోరిన్ త్వరగా విరిగి తగ్గిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం తర్వాత మళ్లీ పరీక్ష చేస్తున్నారో లేదో రిజిస్టరులోనే చూడొచ్చు.

ఇక మనుషులు. ఈత రాని పిల్లలు ఆరుగురికో, మహా అయితే ఎనిమిది మందికో ఒక కోచ్ ఉండాలి. ఆ కోచ్ నీళ్లలో ఉండాలి. గట్టు మీద విజిల్ వేస్తూ ఫోన్ చూసుకునేవారు కోచ్ కాదు. లైఫ్‌గార్డు కోచ్ కాకుండా వేరే మనిషై ఉండాలి. ‘ఇద్దరూ ఆయనేనండీ’ అన్నారంటే, పాఠం చెప్పేటప్పుడు కాపలా లేనట్టే. నేర్చుకునే వైపు లోతు బాబు ఛాతీ దాటకూడదు.

నెల రోజుల మాటకొస్తే, వారానికి ఐదారు రోజులు వెళ్తే ఏడేళ్ల పిల్లవాడు పదిహేను, ఇరవై మీటర్లు ఈదడం సాధ్యమే. అయితే పాఠం వరస సరిగా ఉండాలి. మొదట నీళ్లలో ముఖం పెట్టి బుడగలు ఊదడం, తర్వాత బోర్లా వెల్లకిలా తేలడం, గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం, గోడను తన్ని జారడం, అప్పుడు చేతులు, అన్నిటికంటే చివర తల పక్కకి తిప్పి ఊపిరి. తల్లిదండ్రులకి చూపించాలన్న తొందరలో మొదటి వారంలోనే చేతులు ఆడించేస్తారు కొందరు. దాంతో పిల్లలు ఊపిరి కోసం తల పైకెత్తుతారు. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. ఆ అలవాటు విడిపించడానికి ఇంకో నెల పడుతుంది. చేతులకి తొడిగే గాలి బుడ్డలు కూడా వద్దు. అవి ఒంటిని నిలువుగా ఉంచుతాయి, ఈతకి కావలసింది అడ్డంగా తేలడం. చేత్తో పట్టుకునే ఫోమ్ బోర్డు చాలు. ఇరవై మీటర్లు ఈదాడు కదా అని చెరువులోనో, ఊళ్లో బావిలోనో దింపకండి. అక్కడ పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగు కనబడదు.

చెవిలోకి నీళ్లు వెళ్తే తల వంచి ఆ చెవి కింద టవల్ అద్దండి. పుల్లలు పెట్టకండి. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చెవిలో గొట్టాలు వేసి ఉన్నా డాక్టరు సరేనన్నాకే దింపాలి. విరేచనాలు పూర్తిగా తగ్గేదాకా పూల్ జోలికి వెళ్లకూడదు. అది మిగతా పిల్లల కోసం. నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లేదా లైక్రా డ్రెస్సు, టోపీ, కళ్లద్దాలు కొనాలి. కళ్లద్దాలను పట్టీ వేయకుండా కళ్లకి అదిమితే ఒకటి రెండు క్షణాలు వాటంతట అవే అంటుకుని నిలబడాలి. నిలబడకపోతే ఆ సైజు బాబు ముఖానికి సరిపడదు.

పాపకి తొమ్మిదేళ్లు. పాట, బొమ్మలు రెండూ ఇష్టమే. ప్రైవేటు క్లాసుల ఫీజులు మావల్ల కాదు. ఇంకేమైనా దారి ఉందా?
— పాఠకుడు, మంగళ్‌హాట్

మీకు దగ్గర్లోనే ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ ప్రభుత్వానిది. 5 నుంచి 16 ఏళ్ల పిల్లలకి సంగీతం, నాట్యం, చిత్రలేఖనం వంటివి నేర్పుతారు. మెట్రోలో వచ్చేవాళ్లకి అసెంబ్లీ స్టేషన్ దగ్గర. వేసవిలో రద్దీ బాగా ఉంటుంది. పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా మార్చిలోనే ఒకసారి వెళ్లి ఫారం, వయసు ధ్రువీకరణ, ఫొటోల సంగతి కనుక్కోండి.

పాట మీద గట్టిగా మనసు పడితే రామ్‌కోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సికింద్రాబాద్ వైపువాళ్లకి భక్త రామదాసు కళాశాల. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు. వేసవి సరదాకి ఇది కుదరదు. ఆటలకైతే ఏప్రిల్, మే నెలల్లో జీహెచ్‌ఎంసీ మైదానాల్లో పొద్దున్నే వేసవి శిబిరాలు పెడతారు, రుసుము నామమాత్రం. ఏ మైదానంలో ఏ ఆట అన్నది సర్కిల్ ఆఫీసులోని క్రీడా విభాగంలో చెప్తారు. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ అయితే ఖర్చు ఉండదు. స్కేటింగ్ అంటే మాత్రం సామాను మీరే కొనాలి.

నా వయసు 43. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. స్నేహితులతో కలిసి షటిల్ మొదలుపెడదామని మా దగ్గర ఒక ఇండోర్ కోర్టు మాట్లాడాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— పాఠకుడు, కొండాపూర్

మీ వయసులో షటిల్ మొదలుపెట్టినవాళ్లలో సాధారణంగా ముందు దెబ్బతినేది మోకాలు కాదు, మడమ వెనక నరం, పిక్క. చాలాకాలం కదలని పిక్క ఒక్కసారి వెనక్కి పరిగెత్తబోతే పట్టేస్తుంది. కాబట్టి కోర్టు మాట్లాడిన రోజు నుంచి మూడు వారాలు ఇంట్లోనే మెట్టు అంచున నిలబడి మడమలు పైకి లేపడం, మెల్లగా దించడం చేయండి. పదిహేను చొప్పున మూడుసార్లు. మొదటి నెల వారానికి రెండు రోజులే ఆడండి, డబుల్సే ఆడండి. బీపీ, షుగర్ పరీక్ష చేయించి ఏడాది దాటితే అది ముందు కానివ్వండి. ఆడుతుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని గేమ్ పూర్తిచేయకండి.

కోర్టు విషయం. గీతల మధ్య 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఎక్కడైనా ఒకటే. తేడా నేలలో ఉంటుంది. కింద చెక్క, పైన సింథటిక్ మ్యాట్ ఉంటే మోకాళ్లకి మంచిది. కొన్ని షెడ్లలో సిమెంటు మీదే మ్యాట్ పరిచేస్తారు. మడమతో తడితే తెలిసిపోతుంది: చెక్క కాస్త బోలుగా పలుకుతుంది, సిమెంటు మొద్దుగా ఉంటుంది. మ్యాట్ అతుకులు లేచి ఉంటే ఆడకండి. లైట్లు కోర్టు పక్కల ఉండాలి. నెత్తిన ఉంటే స్మాష్‌కి తలెత్తిన ప్రతిసారీ కళ్లు చెదురుతాయి.

రన్నింగ్ షూ వేసుకుని వెళ్లకండి. వాటి మడమ ఎత్తు, పక్కకి అడుగేస్తే చీలమండ మడత పడుతుంది. గమ్ సోల్ ఉన్న నాన్‌మార్కింగ్ షూ కొనండి, రాకెట్ కన్నా దానికే ఎక్కువ ఖర్చుపెట్టండి. రాకెట్ 4యూ బరువుది, అంటే 80 నుంచి 85 గ్రాముల లోపుది. గట్టింగ్, అంటే తీగల బిగువు, 20 నుంచి 22 పౌండ్లు చాలు. దుకాణంలో 28 వేయించుకోమంటారు, వద్దు. గట్టి తీగల అదురంతా మోచేతికే వస్తుంది.

షటిల్‌కీ వేసవికీ సంబంధం ఉంది. వేడిగాలి పలచన, అందులో షటిల్ దూరం పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో కొట్టిందల్లా గీత దాటుతుంటే తప్పు మీ చేతిది కాకపోవచ్చు. ఈకల షటిల్ 77 వేగం నంబరుది వాడుతుంటే 76కి రండి. నైలాన్‌వైతే నీలం పట్టీ బదులు ఆకుపచ్చ పట్టీది తీసుకోండి, అది నెమ్మది రకం. డబుల్స్‌లో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. కంటికి షటిల్ తగిలేది ఎక్కువగా అప్పుడే.

మా అత్తమ్మకి 68 ఏళ్లు. ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. మోకాళ్ల నొప్పులున్నా నడుస్తారు. ఎక్కడికి పంపితే కాస్త తోచుబాటు?
— పాఠకురాలు, నల్లకుంట

మంచి చోటే ఉన్నారు. మీ పేటలోనే శంకరమఠం. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, అక్కడ సాయంత్రాలు పాట కచేరీలు, సభలు జరుగుతుంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు. నగర కేంద్ర గ్రంథాలయం కూడా చిక్కడపల్లిలోనే. పొద్దున నడకకి ఇందిరా పార్కు.

‘వెళ్లిరండి అత్తమ్మా’ అంటే వెళ్లరు. మొదటి వారం పది రోజులు మీరో, మీవారో వెంట వెళ్లండి, రోజూ ఒకే వేళకి, ఒకే బెంచీ దగ్గరికి. పలకరించేవాళ్లు నలుగురు దొరికితే ఆ తర్వాత ఆమే మిమ్మల్ని తొందరపెడతారు. చోటు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి: మెట్లకి పట్టుకునే కమ్మీ, వీపు ఆనే కుర్చీ, వాడదగ్గ బాత్‌రూమ్. మూడోది లేకనే చాలామంది పెద్దవాళ్లు బయటికి రావడం మానేస్తారు, కారణం మాత్రం పైకి చెప్పరు. యోగా క్లాసులో చేరితే కుర్చీలో కూర్చుని చేయించే బ్యాచ్ ఉందేమో అడగండి. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. కార్డు దగ్గర ఉంచుకుని కండక్టర్‌ని అడిగి జీరో టికెట్ తీసుకోవాలి.

మా అపార్ట్‌మెంట్‌లో 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల గది ఖాళీగా ఉంది. టీటీ టేబుల్, క్యారమ్ బోర్డు వేద్దామని అసోసియేషన్ నిర్ణయం. సరిపోతుందా?
— పాఠకుడు, మియాపూర్

టీటీ టేబుల్ 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 76 సెంటీమీటర్ల ఎత్తు. గది మధ్యలో వేస్తే వెనక ఏడున్నర అడుగుల చొప్పున, పక్కల నాలుగున్నర చొప్పున మిగులుతుంది. పిల్లలకి, సరదా ఆటకి సరిపోతుంది. వెనక్కి జరిగి జోరుగా కొట్టేవాళ్లకి 28 అడుగులైనా కావాలి. క్యారమ్ మాత్రం ఆ గదిలో పెట్టకండి. బంతి ఏరుకోవడానికి వచ్చేవాళ్లతో అక్కడ ఎవరూ గురిచూడలేరు.

పైపలక 25 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. 18 మిల్లీమీటర్లది చౌకే గానీ బంతి ఎగరదు, రెండు వానాకాలాలకి వంగుతుంది. దుకాణంలోనే పరీక్షించండి: బంతిని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే దాదాపు 23 సెంటీమీటర్లు లేవాలి, పలకలో ఎక్కడ వదిలినా అంతే లేవాలి. గదిలో విట్రిఫైడ్ టైల్స్ ఉంటే వినైల్ షీటు పరవండి, చెమట చుక్క పడితే ఆ టైల్స్ మీద కాలు నిలవదు. సీలింగ్ ఫ్యాన్ వేసి ఆడలేరు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం, మడిచే టేబుల్‌ని పిల్లలు మడవకూడదు. సగం లేచిన పలక మీద పడితే ఎముకలు విరుగుతాయి. ఇద్దరు పెద్దవాళ్లే మడిచి, తాళం పడిందో లేదో చూడాలి.

క్యారమ్ బోర్డు ఆడే భాగం 29 అంగుళాల చదరం ఉండాలి. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ది కొంటే ఆర్నెల్లకి మధ్యలో గుంట పడుతుంది. ఎనిమిదికి తగ్గకండి, అందరూ వాడేచోట పన్నెండు. స్ట్రైకర్‌ని బలంగా కొడితే ఎదుటి అంచుకీ ఇటు అంచుకీ మూడున్నర సార్లు తిరగాలి. వాడనప్పుడు గోడకి ఏటవాలుగా ఆనించకండి, వంగేది అక్కడే. నిటారుగా నిలబెట్టండి, లేదా బల్ల మీదే ఉంచి గుడ్డ కప్పండి. బోరిక్ పౌడరు డబ్బాని చిన్నపిల్లలకి అందనివ్వకండి, అది నోట్లోకి వెళ్లే వస్తువు కాదు.

మా సెల్లార్‌లో ఒకాయన కరాటే క్లాస్ పెట్టారు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమంటున్నారు. కట్టొచ్చా?
— పాఠకుడు, కొంపల్లి

మూడు నెలలకి మించి కట్టకండి. పిల్లలు మానేసినా, ఆయన మానేసినా మిగిలిన డబ్బు రాబట్టడం కష్టం. ఎంత కట్టినా రసీదు మీద తేదీలు, వాపసు షరతు రాయించుకోండి. గొడవ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బెల్టు పరీక్ష ఫీజు, డ్రెస్సు, టోర్నమెంటు ఫీజు వేరే ఉంటాయేమో ముందే అడగండి. రెండు మూడు నెలలకో బెల్టు ఇస్తున్నారంటే అది కరాటే కన్నా ఫీజుకే ఎక్కువ ఉపయోగం.

సెల్లార్ నేల కాంక్రీటు. కింద పడేసే పాఠాలకి 40 మిల్లీమీటర్ల మ్యాట్లు కావాలి, వట్టి నేల మీద చేయిస్తే మాన్పించండి. క్లాసు వేళకి కార్లు స్టార్ట్ అవుతుంటే పొగంతా పిల్లలే పీలుస్తారు. ర్యాంపు కాక బయటికి ఇంకో దారి ఉండాలి.

పాపకి స్కేట్స్ రెండు సైజులు పెద్దవి కొనొచ్చా, వచ్చే ఏడాదికీ పనికొస్తాయని?
— పాఠకురాలు, ఉప్పల్

వద్దు. లోపల పాదం కదిలితే చీలమండ పక్కకి వాలుతుంది, బొబ్బలొస్తాయి. స్క్రూతో సైజు పెంచుకునే రకం కొంటే రెండు మూడు సైజులు కలిసొస్తాయి. హెల్మెట్, మోకాలి, మోచేతి గార్డులతోపాటు మణికట్టు గార్డులు కూడా తీసుకోండి. సెట్టులో అవి లేకుండానే అమ్ముతారు, పడేటప్పుడు పిల్లలు ముందు చెయ్యే ఆనిస్తారు.