పాత క్యాంపింగ్ ట్రైలర్‌లో వంటగది: ప్లైవుడ్ కోసే ముందు అట్టపెట్టెలతో కట్టి చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి కారు వెనక లాక్కెళ్లే మీ ట్రైలర్‌కి లోపల 3.6 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు, ఒకటే యాక్సిల్ (చక్రాల ఇరుసు). సామానంతా పీకేసి ఖాళీ డొల్ల చేశారు. వెనక గోడ పొడవునా వంటగట్టు, దాని కింద 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, పక్కనే ఫ్రిజ్, బ్యాటరీలు పెట్టేస్తే ముందు భాగమంతా పడకకి మిగులుతుంది కదా, ఇందులో ఇబ్బందేమైనా ఉందా అన్నది మీ ప్రశ్న. ఉందండి. అచ్చం ఇదే ప్లాను నేనూ వేశాను, కట్టాను, ఏడాది తిరక్కుండా పీకేశాను.

కట్టింది చూసుకుని మురిసిపోయినన్నాళ్లు బాగానే ఉంది. మొదటి ప్రయాణంలో ఒక పల్లం దిగుతుంటే ట్రైలర్ వెనక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే మెల్లగా సర్దుకుంది. ఇంటికొచ్చాక ఒంటి బరువు చూసుకునే మిషను మీద ఒక దుంగ నిలబెట్టి, దాని మీద హిచ్ (ట్రైలర్‌ని కారుకి తగిలించే ముందు కొన) ఆనించి తూచాను. 900 కిలోల బండికి ముందు పడుతున్న బరువు 30 కిలోలు. యూరప్ తరహా కారవాన్లకి మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం, అమెరికా తరహా ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలంటారు. నాది ఏ లెక్కకీ అందలేదు, ఊగింది అందుకే.

తప్పంతా ట్యాంకుది. లీటరు నీళ్లంటే కిలో బరువు. 100 కిలోలు యాక్సిల్‌కి మీటరున్నర వెనక కూర్చున్నాయి, యాక్సిల్ నుంచి హిచ్‌కి మూడు మీటర్లు. ఊగుడుబల్ల లెక్కే కదా, హిచ్ దగ్గర 50 కిలోలు పైకి లేచిపోయాయి. అందుకే మీ ప్లానులో మొదట కదపాల్సింది ట్యాంకు. దాన్ని యాక్సిల్ మీదికి, వీలైనంత కిందికి తెచ్చేయండి. అప్పుడు నిండుగా ఉన్నా ఖాళీ అయినా హిచ్ బరువు పెద్దగా మారదు. వంటగట్టుని వెనక గోడ నుంచి తీసి పక్కగోడకి మార్చండి. బ్యాటరీలు ఎదురుగోడ వైపు వేస్తే కుడి ఎడమలు సరిపోతాయి. అన్నీ బిగించాక నీళ్లు నింపి మళ్లీ తూచండి, మీ కారుకీ హిచ్‌కీ రాసి ఉన్న గరిష్ఠ బరువు దాటకుండా చూసుకోండి.

ఇక అసలు వంటగది. రెండోసారి కట్టేటప్పుడు నేను చేసిన తెలివైన పని ఒక్కటే: ప్లైవుడ్ ముట్టుకోకముందు నేల మీద టేపు అంటించి, అట్టపెట్టెలు పేర్చి గట్టు కట్టాను. రెండు రోజులు ఆ పెట్టెల మధ్యే బతికాం. వేడి తగలకుండా స్టవ్ మాత్రం బయట పెట్టాం, మిగతా తరగడం, కడగడం, వడ్డించుకోవడం అంతా లోపలే. కాగితం మీద గీసిన బొమ్మ చెప్పని సంగతులు బోలెడు బయటపడ్డాయి. తలుపు తెరిస్తే అది సింక్ అంచుకి కొట్టుకుంటోంది. గిన్నెలు తోముతుంటే నా మోచెయ్యి గోడకి తగులుతోంది. ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు దాటి వెళ్లాలంటే నడవా కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. నేను గీసుకున్నది 50.

అన్నిటికంటే పెద్ద పాఠం ఖాళీ చోటు. మనం స్టవ్ కొలతలు రాసుకుంటాం, సింక్ కొలతలు రాసుకుంటాం, కత్తిపీట పెట్టుకునే చోటు కొలత మాత్రం ఎవరూ రాసుకోరు. నా మొదటి గట్టులో సింక్, స్టవ్ అంటుకునే ఉండేవి. పొయ్యి మీంచి దించిన గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక ఓసారి పరుపు మీద పెట్టాను, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు రెంటి మధ్యా 45 సెంటీమీటర్లు వదిలాను. సింక్ మీద సరిగ్గా కూర్చునే పలక ఒకటి చేయించాను, కడిగే పని లేనప్పుడు అదీ గట్టే. గట్టు చివర కీళ్లతో మడిచే రెక్క ఇంకొకటి. స్టవ్ రెండు బర్నర్లకి మించి వద్దు. మూడోది వెలిగించిన రోజు నాకు గుర్తులేదు.

ఎత్తు ఇంట్లో కొలత చూసి పెట్టకండి. వండే మనిషి చెప్పులు తీసి ట్రైలర్ నేల మీద నిలబడితే, మోచేతికి బెత్తెడు, బెత్తెడున్నర కిందకి గట్టు రావాలి. ఎక్కువగా ఎవరు వండుతారో వాళ్ల మోచెయ్యే లెక్క. మా ఇంట్లో ఈ విషయం మీద చిన్న యుద్ధమే జరిగింది, అది వేరే కథ.

స్టవ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. పడుకునే చోటుకీ తలుపుకీ మధ్యలో అది రాకూడదు. రాక తప్పకపోతే పడక వైపు మనిషి దూరేంత కిటికీ ఉండాలి. అగ్నిమాపక సిలిండర్ స్టవ్ వెనక కాదు, తలుపు పక్కన. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద చేరి మూలల్లో పేరుకుంటుంది. కాబట్టి గ్యాస్ అలారం నేలకి దగ్గరగా బిగించాలి, నేలలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, దాన్ని ఎప్పుడూ మూయకూడదు. గ్యాస్ సిలిండర్ లోపల పెట్టొద్దు. హిచ్ వెనకుండే త్రికోణపు చట్రం మీద, అడుగున గాలి ఆడే పెట్టెలో నిలబెట్టి కట్టేయండి, ముందు బరువు తక్కువైన బండికి అదీ కలిసొస్తుంది. పైపు బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బునురగ రాసి బుడగలొస్తాయేమో చూడండి. ఇంకో మాట: కిలో ప్రొపేన్ (ఎల్పీజీలో ఉండే గ్యాసు) మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కిటికీ మూసి వండితే అదంతా గోడలకి పట్టి బూజవుతుంది. చలిగా ఉందని స్టవ్ వెలిగించుకుని పడుకోవడం చావుతో ఆటే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దానికి వేరే అలారం కావాలి.

ఇండక్షన్ పెడితే గ్యాస్ గొడవే ఉండదు కదా అంటారేమో. 1800 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగేది 150 ఆంపియర్లు, ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే ఇంకా పైనే. 100 ఆంపియర్-అవర్ (అంటే 100 ఆంపియర్లు గంటసేపు ఇచ్చే) లిథియం బ్యాటరీ పూర్తి వేగంతో నలభై నిమిషాలు కూడా రాదు. కరెంటు ఇచ్చే క్యాంపుల్లోనే దిగుతామంటే ఇండక్షన్ హాయి. లేదంటే గ్యాసే.

ఫ్రిజ్ 12 వోల్టుల కంప్రెసర్‌ది తీసుకోండి, 40, 50 లీటర్లు ముగ్గురికి చాలు. వెనక గాలి తిరిగే సందు వదలండి. నేను అందం కోసం చుట్టూ చెక్కతో బిగించేస్తే మోటారు ఆగకుండా తిరిగి రాత్రికి రాత్రే బ్యాటరీ తాగేసింది.

అలమరలకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అక్కర్లేదు. ఆ మందంలో మామూలు బిర్చ్ ప్లై చదరపు మీటరుకి 12 కిలోలు తూగుతుంది, 9 మిల్లీమీటర్లది అందులో సగం. సన్న చెక్క ఫ్రేము మీద అది గట్టిగానే నిలబడుతుంది. గట్టుకి రాయి అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మేకులు, స్క్రూలు రోడ్డు కుదుపులకి వదులవుతాయి. బరువు మోసే చోట బోల్టు, వాషరు, నైలాన్ లాక్ నట్టు వేసి గోడ లోపలి పక్కటెముకలకి బిగించండి. సొరుగులకి అయస్కాంతపు చిలకలు పనికిరావు. మొదటి మలుపులోనే మా గరిటెలన్నీ నేల మీద ఉన్నాయి. నొక్కితే తెరుచుకుని మళ్లీ నొక్కితే బిగుసుకునే గడియలు దొరుకుతాయి, అవి వేయండి.

కుళాయికి కాలితో తొక్కే పంపు పెట్టాను. కరెంటు పంపు ఉన్నప్పుడు రెండు రోజులు వచ్చిన నీళ్లు ఇప్పుడు నాలుగు రోజులొస్తున్నాయి, ఎందుకంటే కాలు ఆగితే నీళ్లూ ఆగుతాయి.

ఇంకొకటి, వాతావరణం బాగుంటే మేం లోపల వండనే వండం. అందుకే రెండోసారి స్టవ్‌ని గట్టులో పాతకుండా బయటికి తీసుకెళ్లేలా పెట్టాను. మీ తలుపు ఏ వైపుందో, చక్రాల గూడు లోపలికి ఎంత పొడుచుకొచ్చిందో రాయలేదు. ఆ రెండు కొలతలూ, హిచ్ నుంచి యాక్సిల్‌కి ఉన్న దూరమూ పెడితే ట్యాంకు ఎక్కడ పడుతుందో లెక్క వేసి చెబుతాను.