డా నాంగ్‌లో బీచ్ ఫ్లాట్ కొనమంటున్నారు, కొననా?

ప్రశ్న: మాది భీమవరం. లెక్చరర్‌గా చేసి రిటైరై మూడేళ్లయింది. ఈ వేసవిలో మా ఆవిడతో కలిసి వియత్నాం టూర్ వెళ్లాను. డా నాంగ్ ఊరు మా ఇద్దరికీ తెగ నచ్చేసింది. ఇటు సముద్రం, అటు కొండలు, మన వైజాగ్ చూసినట్టే ఉంది. హోటల్లోనే ఒక ఏజెంట్ పరిచయమై, ‘మీ ఖే’ అనే బీచ్ దగ్గర కడుతున్న కాండోటెల్‌లో ఒక యూనిట్ చూపించాడు. 1 కోటి 10 లక్షలు. ఏడాదికి 10 శాతం అద్దె, 5 ఏళ్లు గ్యారంటీగా రాసిస్తారట. ఈ మధ్యే ఊరవతల పాత స్థలం ఒకటి అమ్మాను, ఆ డబ్బు బ్యాంకులోనే ఉంది. ఈ ఫ్లాట్ కొంటే స్థలం లాభం మీద పన్ను కూడా ఉండదన్నాడు. టోకెన్ కింద 2 లక్షలు కట్టేశాను. ముందుకెళ్లమంటారా? (పేరు వేయొద్దన్నారు)

జవాబు: మాస్టారూ, ఆ 2 లక్షల దగ్గరే ఆగండి. తిరిగొస్తే అదృష్టం, రాకపోతే పోయాయనుకోండి. ఈ జవాబు మొత్తం చదివేదాకా మాత్రం ఇంకో రూపాయి పంపకండి.

మీరు అద్దె ఎంతొస్తుందని అడిగారు కానీ అక్కడ మీ పేరు మీదకి ఏం వస్తుందని అడగలేదు. వియత్నాంలో భూమి ప్రజలందరిదీ, ప్రభుత్వం చూసుకుంటుంది, స్థానికులకే అయినా ఉండేది వాడుకునే హక్కే. విదేశీయులు ఇల్లు కొనుక్కునే వీలు 2015 జులై నుంచి బాగా సడలించారు, 2024 ఆగస్టులో కొత్త గృహ చట్టం వచ్చాక కూడా అసలు షరతులు అవే. ఒక అపార్ట్‌మెంట్ భవనంలో 30 శాతం ఫ్లాట్లకు మించి విదేశీయుల చేతిలో ఉండకూడదు. హక్కు 50 ఏళ్లు, గడువు అయ్యాక ఒకసారి పొడిగించుకోవచ్చు. రక్షణ శాఖ కన్ను ఉన్న ప్రాంతాల్లో అసలు అమ్మరు, డా నాంగ్ తీరమంటే ఒకప్పుడు పెద్ద సైనిక స్థావరం కాబట్టి అక్కడ ఇది మాటవరసకి చెప్పే షరతు కాదు. యాజమాన్య పత్రాన్ని అక్కడ అందరూ పింక్ బుక్ అంటారు, అట్ట రంగు పేరే దానికి పేరైపోయింది.

ఇదంతా నివాసానికి కట్టిన ఫ్లాట్ సంగతి. మీకు చూపించింది కాండోటెల్. పేరులో కాండో ఉన్నా చట్టం కంటికి అది ఇల్లు కాదు, హోటల్ గది. పైన చెప్పిన విదేశీయుడి గృహ హక్కు దానికి అతకదు. స్థానికులకే వీటికి పింక్ బుక్ ఇవ్వాలా వద్దా అని ఏళ్ల తరబడి నలిగి, 2023లో గానీ దారి దొరకలేదు. మీలాంటి వాళ్లకు సాధారణంగా ఇచ్చేది దీర్ఘకాలపు లీజు కాగితం. సరే, అయితే మామూలు ఫ్లాటే కొని టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తానంటారా, అక్కడ ఇంకో మెలిక ఉంది. నివాసపు అపార్ట్‌మెంట్‌ను వేరే పనికి వాడకూడదని అదే చట్టం చెబుతుంది, హో చి మిన్ సిటీ అయితే 2025 ఫిబ్రవరిలో నివాస అపార్ట్‌మెంట్లలో రోజువారీ అద్దెలు వద్దని నేరుగా ఉత్తర్వే ఇచ్చింది. అంటే మీ పేరు మీదకి రాగలిగేది రోజు అద్దెకి ఇవ్వడం కష్టం, రోజు అద్దెకి ఇవ్వగలిగేది మీ పేరు మీదకి రాదు. ఏజెంట్ మాటలన్నీ ఈ రెంటి మధ్య సందులోంచి నడుస్తున్నాయి.

ఇక గ్యారంటీ. డా నాంగ్‌లోనే కోకోబే అని బీచ్ పక్కన పెద్ద ప్రాజెక్టు ఒకటి కట్టారు. కొన్నవాళ్లకి ఏడాదికి 12 శాతం చొప్పున 8 ఏళ్లు ఇస్తామన్నారు. 2019 నవంబర్‌లో, ఇక మా వల్ల కాదు, 2020 జనవరి నుంచి ఆపేస్తున్నాం అని ఉత్తరాలు పంపారు. గమనించండి, అప్పటికి కరోనా లేదు, ఊరు టూరిస్టులతో కిటకిటలాడుతోంది, బానా కొండల మీద రెండు చేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన 2018లో తెరిచాక ప్రపంచమంతా ఆ ఫొటోలే. అంత మంచి కాలంలోనే మాట నిలబడలేదు. ఆ వెంటనే కరోనా వచ్చి, 2020 మార్చి నుంచి 2022 మార్చి 15 దాకా విదేశీ టూరిస్టులకి దేశం తలుపులే మూసేశారు. రెండేళ్లు మీ గది ఖాళీగా ఉంటే మెయింటెనెన్స్ ఎవరు కడతారో ఆ అగ్రిమెంట్‌లో వెతికి చూడండి, నాకైతే ఆసక్తిగా ఉంది.

అసలు ఆ 10 శాతం ఎక్కడిది? 5 ఏళ్లకి 55 లక్షలు. గది సంపాదించకపోతే ఆ డబ్బు మీరు ముందే కట్టిన ధరలోంచి వాయిదాల్లో మీకే తిరిగొస్తుంది, అంతే. ఇలా పెంచి పెట్టిన ధర పక్క వీధిలోని మామూలు ఫ్లాట్ రేటుతో పోల్చి చూస్తేనే బయటపడుతుంది.

గ్యారంటీ లేకుండా గది నిజంగా ఏం తెస్తుందో ఒక లెక్క వేద్దాం, అంకెలు నేను వేసుకున్నవే, మీకు తోచినట్టు మార్చుకోండి. రాత్రికి 4,000. ఏడాదిలో 60 శాతం రోజులు నిండాయనుకుందాం, 219 రాత్రులు, 8 లక్షల 76 వేలు. బుకింగ్ యాప్ 15 శాతం తీసుకుంటే 1 లక్షా 31 వేలు పోయింది. తాళాలిచ్చి, దుప్పట్లు మార్చి, అర్ధరాత్రి గీజర్ పనిచేయట్లేదన్నవాడికి జవాబు చెప్పే మేనేజర్‌కి 20 శాతం, 1 లక్షా 75 వేలు. భవనం మెయింటెనెన్స్ నెలకి 6 వేలు, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 8 వేలు, రెండూ కలిపి ఏడాదికి 1 లక్షా 68 వేలు. రిపేర్లకి, అక్కడి పన్నుకి ఓ 60 వేలు పక్కన పెట్టండి. చేతికొచ్చేది 3 లక్షల 40 వేల చిల్లర, అంటే 3.1 శాతం. భీమవరంలో బ్యాంకు మేనేజర్ మీకు టీ ఇచ్చి మరీ ఇంతకంటే ఎక్కువ వడ్డీ ఇస్తాడు.

రిపేర్లన్నాను కదా, మీరు వెళ్లింది వేసవిలో. ఆ ఊరికి వాన అక్టోబర్, నవంబర్ నెలల్లో. 2022 అక్టోబర్‌లో ఒక్క రాత్రి కురిసిన వానకి వీధులు చెరువులయ్యాయి. నాకు బాగా తెలిసిన ఒకాయన అక్కడ సముద్రం కనిపించే ఫ్లాట్ తీసుకున్నాడు, కొన్న ఏడాది నాకు పంపే ఫొటోల్లో సూర్యోదయాలుండేవి. ఇప్పుడు వచ్చేవి వేరే: బాల్కనీ తలుపు జరిగే పట్టాల్లో ఉప్పు గాలికి లేచిన తుప్పు పొరలు, బీరువా జరిపితే గోడకి నల్లటి బూజు, ఏసీ కింద పెట్టిన నీలం రంగు బకెట్. ఆ బకెట్ ఫొటో కిందే మేనేజర్ పంపిన బిల్లు కూడా ఉంటుంది, వియత్నాం డాంగుల్లో, సున్నాలు లెక్కపెట్టుకోవడానికే ఐదు నిమిషాలు పడుతుందంటాడు. వైజాగ్ బీచ్ రోడ్డులో ఇల్లున్నవాళ్లని అడగండి, గ్రిల్స్‌కి ఎన్నేళ్లకోసారి రంగు వేయిస్తారో చెబుతారు. కాకపోతే వాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు.

ఇప్పుడు మన వైపు కాగితాలు. విదేశంలో ఆస్తి కొనడానికి మనవాళ్లు ఆర్థిక సంవత్సరానికి తలకి 2.5 లక్షల డాలర్ల దాకా రిజర్వ్ బ్యాంక్ వారి ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం కింద పంపొచ్చు, కాబట్టి 1 కోటి 10 లక్షలకి పరిమితి సమస్య లేదు. కానీ 10 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. ఒకే ఏడాదిలో మొత్తం పంపితే 20 లక్షలు. ఇది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటో రీఫండో అవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో లేనట్టే. ఏజెంట్ ఈ 20 లక్షల ఊసు ఎత్తాడా? ఇందుకోసం ఇక్కడి బ్యాంకులో అప్పు తీసుకుని పంపుదామన్నా కుదరదు. పంపిన డబ్బు పెట్టుబడి పెట్టకుండా 180 రోజులు ఊరికే ఉంచినా వెనక్కి తెచ్చేయాలి.

స్థలం లాభం మీద పన్ను ఉండదన్న మాట మాత్రం పచ్చి అబద్ధం, నాకు ఒళ్లు మండింది అక్కడే. స్థలం అమ్మిన డబ్బుతో ఇల్లు కొంటే వచ్చే మినహాయింపు, 54ఎఫ్ అని మనవాళ్లందరూ పిలిచేది, ఆ ఇల్లు భారతదేశంలో ఉంటేనే వర్తిస్తుంది. చట్టం మార్చి పదేళ్లు దాటింది. మీరు డా నాంగ్‌లో కొంటే ఆ పన్ను నిక్షేపంగా కట్టాలి, అప్పుడు మీ దగ్గర 1 కోటి 10 లక్షలు మిగులుతాయా అన్నది కూడా చూసుకోండి.

కొన్నాక ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, అద్దె రాకపోయినా సరే. వదిలేస్తే నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకి 2024 అక్టోబర్ నుంచి మినహాయింపు వచ్చిందని ఎవరైనా చెబుతారు, నిజమే, కానీ ఇళ్లకీ స్థలాలకీ అది లేదు. అక్కడి అద్దె ఇక్కడి ఆదాయంలో కలుస్తుంది, అక్కడ కట్టిన పన్నుకి రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం క్రెడిట్ అడగొచ్చు, దానికి విడిగా ఫారం వేయాలి.

ఇంత చెప్పాక కూడా ఆ ఊరి మీద మనసు పోకపోతే, తప్పేం లేదు, మంచి ఊరే. 2024లో దాదాపు 5 లక్షల మంది మనవాళ్లు వియత్నాం వెళ్లారు, డా నాంగ్‌లో ఇప్పుడు మన పెళ్లిళ్లు కూడా జరుగుతున్నాయి. అప్పుడు నివాసపు ఫ్లాటే చూడండి, కట్టి పూర్తయినది, విదేశీయుల వాటా నిండనిది, అమ్మేవాడి పింక్ బుక్ మీ కంటితో చూసినది. ఏజెంట్ తెచ్చిన లాయర్ వద్దు, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న లాయర్ కావాలి. ధర మీద 2 శాతం నిర్వహణ నిధి విడిగా కట్టాలని గుర్తుపెట్టుకోండి. నెలల లెక్కన అద్దెకి ఇవ్వండి, ఇచ్చే ముందు స్థానిక అధికారులకి తెలియజేయాలి. రేపు అమ్మేటప్పుడు స్థానికుడు కొంటే అతనికి కాలపరిమితి లేని హక్కు వస్తుంది, ఇంకో విదేశీయుడు కొంటే మీ 50 ఏళ్లలో మిగిలిందే వస్తుంది, కాబట్టి స్థానికులు ఉండాలనుకునే పేటలో కొంటేనే మీకు బయటపడే దారి. బీచ్ ఎదురుగా ఉన్న టవర్లలో సాయంత్రం ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో ఒకసారి రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టండి.

ప్రశ్న: పై విషయంలోనే నాదీ ఒక సందేహం. మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. తను డబ్బు నాకు పంపితే నేను నా పేరు మీద విదేశంలో కొనొచ్చా? (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

జవాబు: ఎందుకండీ ఆ చుట్టు ప్రయాణం? మీ ఖాతాలోకి వచ్చి మళ్లీ బయటికి వెళ్తే అది మీ ఎల్‌ఆర్‌ఎస్, మీ టీసీఎస్, మీ షెడ్యూల్ అయిపోతుంది. తను అమెరికా నుంచి నేరుగా తన పేరు మీదే కొంటే ఇవేవీ తగలవు, అద్దె తన అమెరికా రిటర్న్‌లో చూపించుకుంటే చాలు. మీ పేరు కూడా ఉండాలనుకుంటే విదేశంలో ఉన్న దగ్గరి బంధువుతో కలిసి కొనడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ పేరు పడిన రోజు నుంచి షెడ్యూల్ నింపే పని మీకూ మొదలవుతుంది.

ప్రశ్న: ఏజెంట్ హైదరాబాద్‌లోనే రూపాయల్లో, నగదుగా తీసుకుని అక్కడ సర్దేస్తానంటున్నాడు, టీసీఎస్ ఉండదంటున్నాడు. ఇది మామూలేనా? (కూకట్‌పల్లి)

జవాబు: మామూలే, దాని పేరు హవాలా. పట్టుబడితే ఫెమా అనే విదేశీ మారకపు చట్టం కింద ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా. పట్టుబడకపోయినా, రేపు ఫ్లాట్ అమ్మి డబ్బు ఇండియాకి తెచ్చుకోబోతే అక్కడి బ్యాంకు మొదట అడిగేది ఈ డబ్బు ఏ బ్యాంకు ద్వారా వచ్చిందని. ఆ కాగితం మీ దగ్గర ఉండదు. ఆ ఏజెంట్ నంబర్ బ్లాక్ చేయండి.