నా భర్త మారకపోవడానికి నా విశ్వాసం తక్కువై ఉండటమే కారణమా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. పెళ్లై పదహారేళ్లయింది. మావారు అంబత్తూరులో ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటరు. తొమ్మిదేళ్లుగా తాగుడుకు బానిసయ్యారు. డ్యూటీకి వెళ్లలేని రోజున జ్వరమని నేనే ఫోన్ చేస్తాను, అప్పులు నా జీతంతో తీరుస్తాను. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆయన పేరు రాసిస్తూనే ఉన్నాను. మొన్న శ్రమకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) ఆయన మూడు రోజులు మందు ముట్టుకోలేదు. చేతులు వణికాయి, లేనివేవో కనిపిస్తున్నాయని కేకలు పెట్టారు. దురాత్మ అని సంఘంవారు వచ్చి ప్రార్థించారు. నాలుగో రోజు మళ్లీ తాగారు. "నీ విశ్వాసంలోనే ఎక్కడో లోపముంది" అని ఒక సోదరి అన్నారు. ఆసుపత్రికి వెళ్దామంటే "దేవుడు చేయలేనిది డాక్టరు చేస్తాడా" అంటారు అత్తగారు. పదో తరగతి చదివే మా అమ్మాయి మందిరానికి రానంటోంది. నాకూ ప్రార్థన నోటికి రావడం లేదు. దేవునికి దూరమైపోతున్నానా?

జవాబు: సోదరీ, మీ భర్త మానలేకపోవడానికి మీ విశ్వాసం కారణం కాదు. అన్నిటికంటే ముందు ఇదే చెప్పాలనిపించింది. ఆ నింద మిమ్మల్ని ఎంతగా నలిపేస్తోందో మీ ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వీడూ కాదు, వీణ్ని కన్నవారూ కాదని యేసు చెప్పారు. బైబిలులో ఎన్నో శ్రమలు పడిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నంతసేపూ ఆయనకు తోడుగానే ఉన్నారు. కారణాలు వెతకడం మొదలుపెట్టాకే ఆయనకు భారమయ్యారు. ఆ సోదరి ప్రేమతోనే అని ఉండవచ్చు. అయినా ఆ మాటను మీరు మోయనక్కరలేదు.

ఆ మూడు రోజుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. ఏళ్లతరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, మద్యానికి అలవాటుపడిన మెదడు ఒక్కసారిగా అదుపు తప్పుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి భ్రమిస్తుంది, లేని మనుషులూ పురుగులూ కనిపిస్తాయి. వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం కూడా ఉంది. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి, నిర్ధారించవలసింది మాత్రం డాక్టరే. కాబట్టి ఇంకోసారి మానాలనుకుంటే వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. సంఘంవారు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని కూడా ప్రార్థించవచ్చు, ఆ ప్రార్థనకు విలువేమీ తగ్గదు.

మీ అత్తగారికి హిజ్కియా రాజు సంగతి చదివి వినిపించండి. చావుకు దగ్గరైన జబ్బులో ఆయన కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విని మరో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అలా మాట ఇచ్చాక కూడా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుమీద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. రాజుల రెండో గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. వేలూరు క్రైస్తవ ఆసుపత్రి పేరు ఆమెకు తెలియకుండా ఉండదు. దాన్ని 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీ డాక్టరే.

చెన్నైలో మీకు దారులున్నాయి. మద్యం వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో ప్రారంభించిన టి.టి.కె. ఆసుపత్రి ఇందిరానగర్‌లో ఉంది. తాగుడు నుంచి బయటపడేందుకు చికిత్స ఇవ్వడమే దాని పని, కుటుంబ సభ్యులకూ అక్కడ కౌన్సెలింగ్ ఉంటుంది. మీకు దగ్గరలో కీల్పాక్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ముందు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. తాగేవారి ఇంట్లోవాళ్ల కోసం ఆలనాన్ కూడికలు జరుగుతాయి. ఈ జబ్బును మీరు తెప్పించలేదు, మీరు అదుపు చేయలేరు, మీరు నయం చేయలేరు అని అక్కడ నేర్పుతారు.

ఇక జ్వరమని ఫోన్ చేయడం మానండి. ఆయన చేసిన అప్పులు తీర్చడం కూడా. ఇది మీకు కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ యేసు చెప్పిన కథలో, ఇల్లు విడిచి వెళ్లి తప్పిపోయిన కుమారుడి తండ్రి దూరదేశానికి డబ్బు పంపలేదు. పొట్టు తినే స్థితి వచ్చాకే ఆ కొడుకుకు ఇల్లు గుర్తుకొచ్చింది. తండ్రి ప్రేమ ఆ రోజుల్లో తగ్గిందా? దూరంలో ఉండగానే చూసి పరుగెత్తుకుంటూ ఎదురువెళ్లిన తండ్రి ఆయన. మీ జీతం మీ ఖాతాలోనే ఉంచండి, పిల్లల ఫీజు, ఇంటి అద్దె, బియ్యం ముందు చూసుకోండి. కొడుతున్నారా అన్నది మీరు రాయలేదు. అదే జరుగుతుంటే ఓర్పు పేరుతో భరించవద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆ రాత్రికి పిల్లలతో వేరేచోట ఉండండి.

ప్రార్థన నోటికి రావడం లేదన్నారు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని 13వ కీర్తన దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తుతి కూడా లేదు. ఈ మాటలను బైబిలులోనే ఉంచిన దేవుడు మీ అలసటకు నొచ్చుకోడు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని మార్త యేసు ముఖంమీదే అన్నది. ఆయన గద్దించలేదు. కోపంగా మాట్లాడుతున్నారంటే ఇంకా ఆయనతోనే మాట్లాడుతున్నారు. రోజూ గంటసేపు మోకరించలేకపోతే ఒక కీర్తన చదివి పడుకోండి, శుక్రవారం ఉపవాసం ఉండే ఓపిక లేకపోతే తినండి. ఈసారి ప్రార్థన చీటీలో మీ పేరు రాయండి. ఇన్నేళ్లలో మీకోసం ప్రార్థించమని ఒక్కసారైనా అడిగారా?

మీ ప్రార్థనకు జవాబు ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను. వైద్యం చేయించినా చాలామంది మొదటి ప్రయత్నంలోనే నిలబడరు, మళ్లీ జారి మళ్లీ మొదలుపెడతారు. అలా జరిగితే ప్రార్థన ఓడిపోయిందనుకోకండి, డాక్టరును మళ్లీ కలవండి.

మీ అమ్మాయిని మందిరానికి బలవంతంగా తీసుకువెళ్లవద్దు. ఆమె కోపం ముందు వినండి. నాన్న తాగడం నీ వల్ల కాదని నోరు తెరిచి చెప్పండి, పిల్లలు ఈ భారాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తుంటారు. దేవుడు ఎందుకు వినడం లేదని అడిగితే నాకూ తెలియదనే అనండి. ఈ ఆదివారం మీరు ఆరాధనకు వెళ్లి రండి. వచ్చాక ఇద్దరూ కలిసి భోజనం చేయండి. ప్రసంగం గురించి ఆమె అడిగితేనే చెప్పండి.