ఏసీ లేని చిన్న ఫ్లాటులో, మే నెల ఎండల్లో స్నేహితులను భోజనానికి పిలవవచ్చా?

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చామనీ, రెండు గదుల ఫ్లాటులో ఏసీ లేదనీ, స్నేహితులను పిలవాలని ఉన్నా వచ్చినవాళ్ళు ఉక్కతో అవస్థ పడతారేమోనని వెనకాడుతున్నామనీ రాశారు. నిశ్చింతగా పిలవండి. మాదీ ఏసీ లేని ఇల్లే. నల్లకుంటలో పాత అపార్ట్‌మెంటు, పై అంతస్తు. అయినా మా ఇంటికి నలుగురూ ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. నేను చెప్పేది ఒక్కటే. మధ్యాహ్నం విందు మానేసి పొద్దువాలాక పిలవండి. పొయ్యి దగ్గర పని తగ్గించుకుని, వేసవిలో మాత్రమే దొరికేవి పెట్టండి.

ఈ ఊరికి సాయంత్రాలే వరం. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన రోజున కూడా చీకటి పడ్డాక గాలి మారుతుంది. దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు ఇది. సముద్రం దూరం కాబట్టి గాలిలో తేమ తక్కువ. విజయవాడలో ఉండే మా ఆడపడుచు వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా, "ఇక్కడ ఎండ ఉంది గానీ చెమట లేదు వదినా" అంటుంది. ఇప్పుడు చుట్టూ కాంక్రీటు పెరిగి రాత్రిళ్ళు కూడా గోడలు సెగలు కక్కుతున్న మాట నిజమే. అందుకే అతిథులను గదుల్లో కూర్చోబెట్టకండి. డాబా మీదికి వెళ్ళే వీలుంటే అక్కడికే తీసుకెళ్ళండి.

డాబాను ముందే సిద్ధం చేయాలి. రోజంతా కాగిన శ్లాబు సూర్యుడు దిగిన వెంటనే చల్లారదు. ఐదున్నరకు ఒకసారి, ఆరున్నరకు మరోసారి నీళ్ళు చల్లితే ఏడున్నరకల్లా చాపలు వేసుకోవచ్చు. వేసవిలో ఈ ఊళ్ళో నీటి ట్యాంకర్ల కోసం జనం పడే పాట్లు మీరూ చూసే ఉంటారు. కాబట్టి మంచినీళ్ళు పారబోయకండి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళను పొద్దుటి నుంచి బకెట్లలో పట్టి ఉంచండి, అవి చాలు. డాబా లేకపోతే బాల్కనీ తలుపులు, ఎదురు కిటికీలు తెరిచి, నేలను తడిబట్టతో తుడిచి, కింద కూర్చోండి. మీ ఇంట్లో పాతకాలపు షాబాద్ బండలుంటే చాపలు కూడా వేయకండి. వాటి మీద నేరుగా కూర్చుంటేనే హాయి.

ఫ్రిజ్ ఉన్నా ఒక మట్టి కుండ కొనండి. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, బయట ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీళ్ళు అంత చల్లబడతాయి. అందుకే మన ఏప్రిల్, మే నెలలకు కుండ అంత బాగా అమరుతుంది. కూలర్ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. వానలు మొదలయ్యాక రెండూ డీలా పడతాయి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తడి ఇసుక మీద గాలి తగిలే చోట పెట్టండి. దానికి తడి గోనె చుడితే ఇంకా మంచిది. నీళ్ళలో శుభ్రంగా కడిగిన వట్టివేళ్ళు కాసిని వేయండి. మా ఇంటికి వచ్చినవాళ్ళకు ముందుగా ఇచ్చేది ఈ నీళ్ళే. గడప దాటగానే ఒక గ్లాసు తాగి, చెయ్యి చాచి రెండో గ్లాసు అడగనివాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

తరువాత ముంజలు. వీటి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు వీటిని కొనడంలోనే తడబడతారు. ఊరి బయటకు వెళ్ళే రోడ్ల పక్కన, మార్కెట్ల దగ్గర తాటికాయల గెలలు పోసుకుని కూర్చుంటారు. ముందే ఒలిచి కవర్లలో కట్టినవి వద్దు, మీ కళ్ళ ముందే కాయ కొట్టించుకోండి. సాధారణంగా కాయకు మూడు కళ్ళుంటాయి. ఒక ముంజను వేలితో నొక్కి చూడండి. మెత్తగా కదిలి, లోపల నీళ్ళు ఉన్నట్టు తెలిస్తే లేతది. గట్టిగా, తెల్లగా కనిపిస్తే ముదిరింది, అది తిన్నవాళ్ళకు కడుపునొప్పి రావచ్చు. ఇంటికి తెచ్చాక పొట్టు తీయకుండా పెద్ద పళ్ళెంలో అలాగే పెట్టేయండి. లేత గోధుమరంగు పొట్టును గోటితో పట్టి లాగితే పొరలా ఊడి వస్తుంది. దాని కింద మసక గాజులా మెరిసే గుజ్జు, కొరకగానే గడ్డం మీదికి చిమ్మే తియ్యటి నీళ్ళు. ఎవరి ముంజలు వారే ఒలుచుకోవాలి. కొత్త ఉద్యోగాలు, పాత తగాదాలు, పిల్లల మార్కులు, అన్నీ ఆ పళ్ళెం చుట్టూనే తెమిలిపోతాయి. మాటలు కలవని ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. కొన్న రోజే తినేయాలి, మర్నాటికి పులుపెక్కుతాయి.

ఇక భోజనం. బిర్యానీ జోలికి పోవద్దు. అది ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా దొరుకుతుంది, పైగా మీరు రెండు గంటలు పొయ్యి ముందు నిలబడాలి. నేను చేసేది పచ్చిపులుసు. తెలంగాణ ఇళ్ళలో వేసవి వంటంటే ఇదే. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి నాలుగు గ్లాసుల పల్చటి పులుసు తీయాలి. నాలుగు పచ్చిమిరపకాయలను మంట మీద కాల్చి, ఉప్పు, కొత్తిమీరతో కలిపి చేత్తో నలపాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిన్న బెల్లం ముక్క, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా వేసి, పైన ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టాలి. కాచే పని లేదు. మిరపకాయలను మిక్సీలో వేయకండి, ఆ కాల్చిన వాసనంతా చేత్తో నలిపితేనే పులుసుకు పడుతుంది. ముద్దపప్పు, వేడి అన్నం, చల్ల మిరపకాయలు, వడియాలు దీనికి తోడు. కుక్కర్ రెండుసార్లు పెడితే వంట అయిపోయినట్టే. పెరుగు మాత్రం ముందు రోజు రాత్రి మట్టి మూకుడులో తోడు పెట్టండి. అదనపు నీటిని మట్టి పీల్చుకుని, పెరుగు గడ్డగా వస్తుంది.

మా పక్క ఫ్లాటు ఆపా (ఉర్దూలో అక్క), మేము ఎవరినైనా పిలిచామని తెలిస్తే, మామిడికాయలు ఉడికించి గుజ్జు తీసి, పుదీనా, జీలకర్ర, నల్ల ఉప్పు కలిపిన షర్బత్ ఒక జగ్గు నిండా పంపుతుంది. మీ పక్కింటివారితో ఇంకా పరిచయం లేకపోతే, ఒక గిన్నె పచ్చిపులుసు ముందు మీరే పంపండి.

చివర మామిడిపండ్లు. బంగినపల్లి కోసి పెట్టడానికి బాగుంటుంది గానీ, స్నేహితులు వచ్చినప్పుడు నేను రసాలకే ఓటు వేస్తాను. కాయను రెండు అరచేతుల మధ్య మెత్తబడేదాకా నలిపి, ముచ్చిక తీసి, మొదట కారే జీడిని పిండేసి జుర్రుకోవాలి. మోచేతుల దాకా రసం కారుతుంటే ఎవరికీ మొహమాటం మిగలదు. పక్కనే ఒక బకెట్ నీళ్ళు, పాత తువ్వాలు పెట్టండి. పండ్లను తినే ముందు గంటసేపు కుండ నీళ్ళలో వేసి ఉంచండి. కార్బైడ్ నిషేధించినా దాంతో మగ్గబెట్టినవి అక్కడక్కడా వస్తూనే ఉన్నాయి కాబట్టి, పక్వానికి వచ్చిన గట్టి కాయలు కొని ఇంట్లోనే బియ్యం డబ్బాలోనో, ఎండుగడ్డిలోనో మగ్గబెట్టుకోండి. నాలుగైదు రోజుల ముందు కొంటే సరిపోతుంది. తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడండి. వాసన గుప్పుమంటే పండినట్టే.

దగ్గరివాళ్ళయితే భోజనానికి బదులు ఆవకాయ కలిపే ఆదివారం పిలవండి. ఉదయం ఎండెక్కకముందే మార్కెట్‌కు వెళ్ళి, పుల్లటి కాయలు టెంకతో సహా కొట్టించుకు వస్తే, ఒకరు ముక్కల లోపలి పొర తీస్తారు, ఒకరు పొడిబట్టతో తుడుస్తారు, ఒకరు ఆవపిండి కొలుస్తారు. జాడీలోకి ఎత్తాక బేసిన్‌కు అంటుకున్న ఎర్రటి గుజ్జులో వేడి అన్నం, నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టండి. ఆ ముద్ద కోసమే మా స్నేహితురాలు ఒకామె మల్కాజ్‌గిరి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది.

తేదీ ఎంచుకునేటప్పుడు ఒక మాట. మే చివర్లో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలంటారు, ఆ రోజుల్లో పెద్దవాళ్ళను, చంటిపిల్లల తల్లులను ప్రయాణం చేయించకండి. మొదటి పిలుపు మే రెండో వారంలో పెట్టుకోండి, అప్పటికి రసాలూ ముంజలూ రెండూ దొరుకుతాయి. ఆ వారం కుదరకపోతే జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు ఊరంతా చేపలే వండుతుంది, మీరు చేపల పులుసు పెట్టి పిలవవచ్చు. చేపలు మాత్రం ముందు రోజే చెప్పి పెట్టుకోండి, ఆ ఉదయం రాంనగర్ మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు.