సాగర్ డ్యామ్ న్యూస్ రీలు చూశాక ఆర్కైవ్స్ వైపు వెళ్ళాలనిపిస్తే...

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను, హిస్టరీ నా సబ్జెక్టుల్లో ఒకటి. ఈమధ్య ఫోన్‌లో నాగార్జున సాగర్ కడుతున్నప్పటి పాత న్యూస్ రీలు చూశాను. మా నానమ్మ వాళ్ళమ్మ అక్కడ తట్ట మోసింది. నానమ్మకు చూపిస్తే కళ్ళు చిట్లించి చూసి, "ఈళ్ళు మనోళ్ళు కాదు బిడ్డా, పాలమూరోళ్ళు. చీర కట్టు చూస్తే తెలుస్తలేదా" అంది. వీడియోలో చెప్పేవాళ్ళు మాత్రం శ్రామికులు అని ఊరుకున్నారు. అప్పటినుంచి ఇలాంటి పాత ఫిల్ములు భద్రపరిచే పని, వాటి మీద పరిశోధన చేసే పని చేయాలని ఉంది. దీనికి కోర్సు ఉందా? ఉద్యోగాలు ఉంటాయా? నాన్న బీఈడీ చేసి గ్రూప్స్ రాయమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ నానమ్మగారి మాట దగ్గర ఆగుదాం. ఆ ఫిల్ము తీసిన కెమెరామన్‌కు తెలియనిది, వ్యాఖ్యానం రాసిన వాళ్ళు పట్టించుకోనిది, ఏ కేటలాగులోనూ ఎక్కనిది ఆవిడ చీర కట్టు చూసి చెప్పేశారు. పని కోసం కుటుంబాలకు కుటుంబాలే పాలమూరు నుంచి ప్రాజెక్టులకు వలస వెళ్ళడం మన చరిత్రలో పెద్ద అధ్యాయం. దానికి సాక్ష్యం ఆ కొద్ది సెకన్ల షాట్‌లో ఉంది. కానీ చెప్పేవాళ్ళు పక్కన లేకపోతే అది కనబడదు. మీరు చేయాలనుకుంటున్న పనికి అసలు పెట్టుబడి ఇదే. ఊరు, భాష, మనుషులు తెలియడం. స్కానర్ నడపడం ఎవరికైనా ఆరు నెలల్లో నేర్పవచ్చు, ఇది నేర్పలేం.

ఆ రీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో కొంచెం తెలుసుకోండి, ఎందుకంటే దాన్నిబట్టే వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం 1943లో ఇండియన్ న్యూస్ పరేడ్ పేరుతో వార్తా చిత్రాలు మొదలుపెట్టి థియేటర్లలో తప్పనిసరి చేసింది. అవి తెలుగులోనూ వచ్చేవి. 1946లో ఆ విభాగాన్ని మూసేశారు. అందుకే 1947 ఆగస్టు 15 నాటికి ప్రభుత్వం చేతిలో సొంత న్యూస్ రీలు విభాగమే లేదు. 1948లో బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ పెట్టారు. అక్కడినుంచి కొన్ని దశాబ్దాల పాటు మన తాతలు, తండ్రులు అసలు సినిమాకు ముందు చూసిన న్యూస్ రీలు దాదాపుగా వీళ్ళదే. ప్రింట్లు ఊరూరికీ పంపడానికి హైదరాబాద్‌లో, విజయవాడలో బ్రాంచి ఆఫీసులు ఉండేవి.

అంటే అది ప్రభుత్వం గొంతు. కట్టిన డ్యామ్ చూపిస్తుంది. మునిగిన ఊళ్ళ దగ్గర అంతసేపు ఆగదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. అప్పట్లో న్యూస్ రీళ్ళు చాలావరకు మూగగానే తీసేవాళ్ళు. వ్యాఖ్యానం, సంగీతం, కొన్నిసార్లు చప్పట్లు కూడా తర్వాత స్టూడియోలో కలిపేవాళ్ళు. కాబట్టి మీ ఫోన్‌లో వినిపించిన చప్పట్లు ఆ రోజు ఆ జనం కొట్టినవే అని రాసేయకండి. ముందు సౌండ్ తీసేసి ఒకసారి చూడండి, తర్వాత బొమ్మ చూడకుండా మాటలు మాత్రమే వినండి. ఈ రెండూ ఎక్కడ కలవవో అక్కడే మీ పరిశోధన మొదలవుతుంది.

తేదీ కట్టడం కూడా సాగర్ మీదే నేర్చుకోవచ్చు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు కృష్ణకు ఎడమ గట్టు హైదరాబాద్ రాష్ట్రంలో, కుడి గట్టు ఆంధ్ర రాష్ట్రంలో ఉండేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబర్ 1న. వ్యాఖ్యానంలో 'ఆంధ్రప్రదేశ్' అన్న మాట వినబడిందంటే ఆ రీలు అంతకుముందుది కాదు. లోయలో నాగార్జునకొండ తవ్వకాలు జరుగుతూ కనిపిస్తే అది 1954-60 మధ్యది. కాలువలకు నీళ్ళు వదలడం, పక్కన ఇందిరా గాంధీ కనిపిస్తే 1967 ఆగస్టు. ఆనకట్ట పైన క్రస్ట్ గేట్లు ఉన్నాయంటే ఇంకా తర్వాతది. నందికొండ అని వినబడినా కంగారు పడకండి, ప్రాజెక్టును మొదట్లో ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోల కింద రాసిన సంవత్సరాలు చాలాసార్లు తప్పు. పెట్టినవాళ్ళు ఊహించి రాస్తారు, తర్వాతివాళ్ళు దాన్నే ఎత్తి రాస్తారు.

ఇక ఫిల్ము అనే వస్తువు గురించి. కొన్నేళ్ళ కింద, మూతపడిన ఒక థియేటర్‌లో ఆపరేటర్‌గా చేసిన పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అటక మీదినుంచి ఒక రేకు డబ్బా దించారు. మూత బిగుసుకుపోయి ఉంది, స్క్రూ డ్రైవర్‌తో చుట్టూ లేపుకుంటూ వచ్చి తీశారు. గుప్పున వెనిగర్ వాసన. లోపల ఫిల్ము అప్పడంలా అలలు తిరిగి, పొర పొరకీ అంటుకుపోయి ఉంది. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ముకు వేడి, తేమ తగిలితే వచ్చే జబ్బు అది. ఒకసారి మొదలైతే నయం కాదు, చల్లటి పొడి గదిలో పెట్టి నిదానింపజేయడమే. "ఇందులో మా ఊరి వరదలు ఉన్నాయి సార్" అన్నారాయన. ఒక్క అడుగు కూడా విప్పలేకపోయాం. ఆ వాసన నాకిప్పటికీ గుర్తొస్తుంది. ఇలాంటి చదువుల గురించి ఎవరడిగినా నేను ఇంత పట్టుగా చెప్పడానికి ఆ డబ్బానే కారణం.

అంతకు ముందటి నైట్రేట్ ఫిల్ము ఇంకా ప్రమాదం, నిప్పంటుకుంటే ఆగదు. 2003 జనవరిలో పుణెలో మంటలు చెలరేగి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్ళు కాలిపోయాయి. ఇవి కాక, నలుపు తెలుపు ప్రింట్ల నుంచి వెండి తీసుకోవడానికి కరిగించినవి మన దేశంలో చాలా ఉన్నాయి. కాబట్టి ఈ పనిలో తొందర ఉంది. మీకు పాతికేళ్ళు వచ్చేసరికి చూపించే రీలూ మిగలకపోవచ్చు, గుర్తుపట్టే నానమ్మలూ ఉండకపోవచ్చు.

కోర్సులకు వద్దాం. మన దేశంలో డిగ్రీ అవగానే చేరడానికి 'ఫిల్మ్ ఆర్కైవింగ్' అని పేరుపెట్టిన మామూలు దారి లేదు. రెండు మూడు చదువులు కలిపి మనమే దారి వేసుకోవాలి. నా సలహా ఎంఏ హిస్టరీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియా లాంటివాటికి సీపీగెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఆ తర్వాత లైబ్రరీ సైన్స్ చేస్తే కేటలాగింగ్ చేతికొస్తుంది, లేదా ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో డిప్లొమా ఉంది. ముందు జర్నలిజం చేయనా అని చాలామంది అడుగుతారు. మీ విషయంలో వద్దంటాను. కెమెరా పట్టడం నేర్పే చదువు కాదు మీకు కావలసింది, ఆధారాన్ని ప్రశ్నించడం నేర్పే చదువు.

ఫిల్మును చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు 2015 నుంచి వర్క్‌షాపులు పెడుతున్నారు. 2019లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. రీలు విప్పడం, చిరిగిన పెర్ఫొరేషన్ (ఫిల్ము అంచున ఉండే రంధ్రాలు) అతకడం, శుభ్రం చేయడం, స్కానింగ్ అన్నీ చేయిస్తారు. ఎంఏలో ఉండగా ఒకసారి దరఖాస్తు చేయండి. ఆ పనికి మీ చేతులు ఓపిక పడతాయో లేదో వారంలో తెలిసిపోతుంది. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. పది నిమిషాల న్యూస్ రీలంటే 900 అడుగుల ఫిల్మును గ్లవ్స్ వేసుకుని అంచు తడుముతూ చూడాలి. సినిమా మీద ప్రేమతో వచ్చి రెండు రోజులకే విసిగిపోయేవాళ్ళున్నారు. విదేశాల్లో రోచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట్ల మంచి కోర్సులున్నాయి. ఖర్చెక్కువ, ఇప్పుడే వాటి గురించి ఆలోచించకండి.

మీకు మాత్రమే చెప్పే మాట ఇంకొకటి. వీలైతే ఉర్దూ చదవడం నేర్చుకోండి. 1948కి ముందు హైదరాబాద్ రాజ్యంలో పాలన ఉర్దూలో నడిచింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆ కాగితాలున్నాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ చదవగలిగి, ఫిల్ము కూడా తెలిసినవాళ్ళు అరుదు.

ఉద్యోగాల విషయంలో మీ నాన్నగారి భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. పుణెలోని ఆర్కైవ్, ఫిల్మ్స్ డివిజన్ రెండూ 2022లో ఎన్ఎఫ్‌డీసీ (నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్) కిందికి వచ్చాయి. నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద రీళ్ళను డిజిటైజ్ చేసే పని నడుస్తోంది. అయితే అందులో చాలా పని కాంట్రాక్టు మీద జరుగుతుంది, పర్మినెంట్ పోస్టులు ఏటా పడవు. ప్రైవేటులో చెన్నైలోని ప్రసాద్ లాంటి రెస్టొరేషన్ సంస్థలు, టీవీ చానళ్ళ, పత్రికల లైబ్రరీలు, డాక్యుమెంటరీలకు పాత ఫుటేజీ వెతికి హక్కుల సంగతి చూసిపెట్టే రీసెర్చర్ పని ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్ళు ఆదాయం నిలకడగా ఉండదు, అది తెలిసే దిగాలి.

అందుకే నాన్నగారితో యుద్ధం వద్దు. ఎంఏ హిస్టరీ చదివితే గ్రూప్స్‌కు పనికిరాకుండా పోదు, తెలంగాణ చరిత్ర అందులో ఎలాగూ ఉంది. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేయవచ్చు, లెక్చరర్ పోస్టులకూ అర్హత ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. "సినిమా రీళ్ళ చదువు" అనకండి, ఎంఏ చేస్తానని చెప్పండి. అబద్ధమేమీ కాదు కదా. బీఈడీ ఎంఏ తర్వాతైనా చేయవచ్చు. ఇంకో పని కూడా చేయండి, ఆ వీడియో ఆయనకూ చూపించండి. తట్ట మోసింది ఆయన అమ్మమ్మే కదా.

మీకో మనిషి గురించి చెప్పాలి. ఏ.కె. చెట్టియార్ అని తమిళనాడు రచయిత, పాత్రికేయుడు. గాంధీగారి మీద డాక్యుమెంటరీ తీయాలని 1930ల చివర్లో దేశదేశాలు తిరిగి, అక్కడివాళ్ళ దగ్గర పడి ఉన్న న్యూస్ రీలు ముక్కలన్నీ పోగుచేశారు. 1940లో మద్రాసులో విడుదలైంది, తెలుగులోనూ వచ్చింది. ఆయనకు ఈ పనిలో డిగ్రీ ఏదీ లేదు. తర్వాత పుణె ఆర్కైవ్‌ను పి.కె. నాయర్ కట్టినప్పుడూ అంతే, రీలు ఎక్కడుందంటే అక్కడికి వెళ్ళి తెచ్చుకోవడమే.

మీరు ఎంఏ దాకా ఆగనవసరం లేదు. ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకోండి. వీడియోను షాట్ షాట్‌కీ ఆపి ఏ నిమిషం, ఏ సెకను, ఏం కనిపిస్తోంది, వ్యాఖ్యానం ఏమంటోంది అని మూడు గళ్ళలో రాయండి. నాలుగో గడి ఖాళీగా ఉంచండి, అది నానమ్మగారికి. ఆవిడను "ఇది ఫలానా కదా" అని అడగకండి, "ఇక్కడ ఏం జరుగుతోంది" అనే అడగండి. ముందు మాట అందిస్తే పెద్దవాళ్ళు మన మాటకే తలూపుతారు. తట్ట కింద తల మీద పెట్టుకున్నది ఏంటి, ఎవరు చుట్టేవాళ్ళు, పిల్లలు అప్పుడు ఎక్కడుండేవాళ్ళు, కూలి ఏ రోజు ఇచ్చేవాళ్ళు, మధ్యాహ్నం ఏం తినేవాళ్ళు... ఆవిడ మాటలు ఆవిడ యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి మార్చకండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేస్తున్నానని ముందే చెప్పి ఆన్ చేయండి. సాగర్ దగ్గర హిల్ కాలనీలో, పైలాన్‌లో, నదికి అవతల విజయపురి సౌత్‌లో ఆ వయసు వాళ్ళు ఇంకా ఎవరున్నారో కనుక్కుని, వాళ్ళకూ అదే వీడియో చూపించండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఏది నిజమో అప్పుడే తేల్చకండి.

ఆ నాలుగో గడి నిండాక పేజీల ఫొటోలు తీసి నాకు పంపండి. ఎంఏ ఎక్కడ చేయాలో అవి చూసి మాట్లాడుకుందాం.