మెకానికల్ కెమెరా కంపెనీలు ఏం మార్చుకోవాలి, ఏం మార్చకూడదు

సంప్రదాయ మెకానికల్ కెమెరాలు తయారుచేసే కంపెనీలు నిలదొక్కుకోవాలంటే ఆధునిక సాంకేతికతను అందిపుచ్చుకోక తప్పదా, లేక పాత పద్ధతినే పట్టుకొని ఉండడం మేలా అని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా లైకా కంపెనీ మెకానికల్ కెమెరా ఎం6తోనూ, దాదాపు అదే కాలానికి చెందిన ఒక ఎలక్ట్రానిక్ షట్టర్ (ఫిల్మ్ మీద వెలుతురు పడే సమయాన్ని అదుపుచేసే తెర) కెమెరాతోనూ ఫిల్మ్ మీద ఫొటోలు తీస్తున్నాను కనుక, నా అనుభవం మేరకు సమాధానం చెబుతాను. మారక తప్పదు. అయితే ఆ మార్పు పాత లెన్సులను పనికిరానివిగా చేయకూడదు, వాడేవారి చేతికి పట్టిన అలవాటును చెడగొట్టకూడదు, కెమెరాను మరమ్మతుకు అందకుండా చేయకూడదు.

లైట్ మీటర్ కథనే తీసుకోండి. 1971లో వచ్చిన లైకా ఎం5లో, ఎం వరుసలో తొలిసారిగా, లెన్స్ గుండా వచ్చే వెలుతురును కొలిచే మీటర్‌ను కెమెరా లోపలే అమర్చారు. కాంతిని గ్రహించే సెల్‌ను ఒక సన్నని కడ్డీ కొసన బిగించి, అది షట్టర్ ముందు నిలబడి వెలుతురును కొలిచి, బటన్ నొక్కగానే పక్కకు తప్పుకొనేలా ఏర్పాటు చేశారు. ఇంజినీరింగ్ పరంగా మెచ్చుకోదగిన పనే. కానీ దానివల్ల కెమెరా పెద్దదైంది, బరువెక్కింది, తెలిసిన రూపం పోయింది; కొనేవారు ముఖం చాటేశారు. 1975లో దాని తయారీ ఆగిపోయింది. తర్వాత కెనడాలోని కర్మాగారం నుంచి మీటర్ లేని ఎం4-2ను తెచ్చి కంపెనీ ఆ వరుసను బతికించుకోవలసి వచ్చింది.

లెన్స్ గుండా కొలిచే మీటర్ 1984లో ఎం6లో మళ్లీ వచ్చింది. ఈసారి షట్టర్ తెర మీద తెల్లని గుండ్రటి మచ్చ ఒకటి వేసి, దాని మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును లోపల ఒక మూలనున్న సెల్ చదివేలా చేశారు. కెమెరా పాత రూపం చెక్కుచెదరలేదు. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, రెండు ఎర్రటి బాణాలు కనిపిస్తాయి. రెండూ సమానంగా వెలిగితే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కు అందే వెలుతురు మోతాదు) కుదిరినట్టు. బ్యాటరీ అయిపోతే ఆ బాణాలు మాత్రమే ఆరిపోతాయి, ఒక సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు వరకు షట్టర్ వేగాలన్నీ యథాప్రకారం పనిచేస్తాయి. బ్యాటరీ లేకుండా వెలుతురును కంటితోనే అంచనా వేసుకుంటూ రీళ్లు పూర్తిచేసిన సందర్భాలు నాకు ఉన్నాయి. 2022లో కంపెనీ ఎం6ను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టిందంటే, ఆ మార్పు ఎంత సరిగా కుదిరిందో అర్థమవుతుంది.

డిజిటల్ విషయంలో లైకా ఆలస్యం చేసిందన్నది నిజం. 2005 నాటికి దివాలా అంచుకు చేరింది. 2006లో ఎం8, 2009లో పూర్తి ఫిల్మ్ చట్రమంత సెన్సర్ ఉన్న ఎం9 రాకపోయి ఉంటే, నేటికీ అది ఫిల్మ్ కెమెరాలు చేయగల స్థితిలో ఉండేదని నేను అనుకోను. అంటే ఆధునికీకరణే ఆ పాత కెమెరాలను కాపాడింది. అయితే 1954లో ఎం3తో మొదలైన లెన్స్ మౌంట్‌ను, అంటే లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరికను, మాత్రం వారు వదల్లేదు. ఆనాటి లెన్సుల్లో అత్యధికం నేటి డిజిటల్ బాడీలకు నేరుగా బిగుస్తాయి; అంతకు ముందటి, మరలా తిప్పి బిగించే లెన్సులు కూడా ఒక అడాప్టర్ రింగుతో పనికొస్తాయి. 2025లో వచ్చిన ఎం ఈవీ1లో రేంజ్‌ఫైండర్‌ను (దూరాన్ని కొలిచి ఫోకస్ కుదుర్చుకొనే ఏర్పాటును) తొలగించి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెట్టారు. చూపు మందగించినవారికి అది మేలే. రేంజ్‌ఫైండర్ కెమెరాలు దాని పక్కనే కొనసాగుతున్నంత కాలం నాకు అభ్యంతరం లేదు.

కాంటాక్స్ పేరుతో కెమెరాలు చేసిన క్యోసెరా మరో దారిలో వెళ్లింది. పాత లెన్సులు సరిపడని కొత్త మౌంట్ పెట్టి, దాని మీదే 2002లో ఎన్ డిజిటల్‌ను తెచ్చి, 2005లో కెమెరాల వ్యాపారమే మానుకుంటున్నట్టు ప్రకటించింది. మౌంట్ ఒక్కటే కారణమని అనను. కానన్ కూడా 1987లో పాత మౌంట్‌ను వదిలేసి బాగుపడిందని ఎవరైనా గుర్తుచేయవచ్చు. కానీ కానన్ ఏటేటా కొత్తవారికి పెద్ద ఎత్తున అమ్మగల సంస్థ. చిన్న కంపెనీకి పాత కొనుగోలుదారులే ఆస్తి, వారు దూరమైతే ఆ లోటును పూడ్చుకొనే దారి ఉండదు.

మంచి మార్పు చేసినా కాలం కలిసిరాకపోవచ్చు. నికాన్ 2001లో తెచ్చిన ఎఫ్ఎం3ఏ బ్యాటరీ ఉంటే షట్టర్ వేగాన్ని తానే నిర్ణయించగలదు, లేకపోతే అన్ని వేగాలూ మెకానికల్‌గా నడుస్తాయి. నా దృష్టిలో ఫిల్మ్ కెమెరాల్లో అంతకంటే తెలివైన మేళవింపు లేదు. ఐదేళ్లకే ఆగిపోయింది, ఎందుకంటే ఫిల్మ్ కొనేవారే కరువయ్యారు.

మరమ్మతు సంగతి నేను స్వయంగా చూసింది. నా ఎం6 షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి నొక్కితే, లోపలి చిన్న పళ్లచక్రాలు తిరుగుతున్న సన్నని రొద వినిపిస్తుంది. ఒక దశలో ఆ రొద సాగిసాగి, మధ్యలో తడబడసాగింది. మెకానిక్ పైకప్పు విప్పి, ఎండిపోయిన గ్రీజును కడిగి, కొత్త నూనె వేసి, వేగాలను పరికరంతో సరిచూసి ఇచ్చాడు. ఇంతకుముందు చెప్పిన ఎలక్ట్రానిక్ కెమెరా చెడినప్పుడు అదే మెకానిక్ సర్క్యూట్ పోయిందని తేల్చి, ఆ భాగం ఎవరూ తయారుచేయడం లేదని, మూలనపడిన మరో కెమెరా దొరికితే అందులోంచి తీసి వేయవచ్చని చెప్పాడు. అందుకే ఎలక్ట్రానిక్స్ పెట్టాలనుకొనే కంపెనీ, అవి చెడినా మిగతా యంత్రం నడిచేలా రూపొందించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నైపుణ్యం మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2024లో పెంటాక్స్ 17 అనే ఫిల్మ్ కెమెరా కోసం ఫిల్మ్ తిప్పే మీటను మళ్లీ రూపొందించవలసి వచ్చినప్పుడు, ఆ పని తెలిసిన విశ్రాంత ఇంజినీర్ల సాయం తీసుకున్నారు. వారు ఇంకా అందుబాటులో ఉండడం అదృష్టం. నేడు మెకానికల్ కెమెరాలు చేస్తున్న కంపెనీలు కొలతలనూ కూర్పు పద్ధతులనూ రాసిపెట్టి, యువ మెకానిక్‌లకు నేర్పించి, బయటి మరమ్మతుదారులకు కూడా విడిభాగాలు అమ్మితే, అది ఏ కొత్త సెన్సర్‌కూ తీసిపోని ఆధునికీకరణ. కొత్త మోడల్ ఏది వచ్చినా నేను ముందు చూసేది మూడు విషయాలు: నా దగ్గరున్న లెన్సులు దానికి బిగుస్తాయా, బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుందా, విడిభాగాలు ఎన్నేళ్లపాటు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెబుతోందా.